మరణ నమోదు పత్రంలో లేని గడి: చదువుకూ ఆయుష్షుకూ ఉన్న లంకె

గణితం మాస్టారు, రామంతాపూర్
ఆదివారం, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. 2016లో మా నాన్నగారు కాలం చేసినప్పుడు మరణ ధ్రువపత్రం కోసం మున్సిపల్ సర్కిల్ కార్యాలయంలో ఒక ఫారం నింపాను. అందులో పోయినవారి వయసు, మతం, వృత్తి అడిగారు. చివరి రోజుల్లో వైద్యం అందిందా అని అడిగారు. పొగ తాగేవారా, పొగాకు నమిలేవారా, వక్క నమిలేవారా, మద్యం పుచ్చుకునేవారా అని ఒక్కో అలవాటుకు ఒక్కో గడి కేటాయించారు. ఎంతవరకు చదువుకున్నారని మాత్రం ఎక్కడా అడగలేదు. అదే ఏడాది మనవరాలు పుట్టినప్పుడు నింపిన జనన ఫారంలోనేమో తల్లి చదువు, తండ్రి చదువు అని రెండు గడులు ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు సంఖ్యాశాస్త్రం చెప్పినవాణ్ని కనుక ఈ తేడా నన్ను ఇప్పటికీ వదలలేదు.

అడగవలసిన గడి అది అనడానికి ఆధారం లేకపోలేదు. 2024లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 59 దేశాల సమాచారాన్ని కూర్చిన ఒక విశ్లేషణ వచ్చింది. ఒక్క ఏడాది అదనపు చదువుకు పెద్దవారిలో మరణాల ముప్పు సగటున 1.9 శాతం తగ్గుతోందని, అసలు బడి ముఖం చూడనివారితో పోలిస్తే ఆరేళ్లు చదివినవారికి ఆ ముప్పు దాదాపు 13 శాతం, 18 ఏళ్లు చదివినవారికి 34 శాతం తక్కువగా ఉందని ఆ లెక్క చెబుతోంది. పొగాకు నమలడం గురించి అడిగిన ఫారం, దానితో పోల్చదగిన ఈ సంగతిని ఎందుకు వదిలేసిందన్నది నా మొదటి ప్రశ్న. రెండోది అంతకంటే చిక్కైనది. చదువు మనిషిని నిజంగా కాపాడుతోందా, లేక చదువుకోగలిగిన స్థితిలో పుట్టడమే కాపాడుతోందా? మన నగరంలో మీరు కళ్లారా చూసినదాన్ని ఆధారంగా చేసుకొని చెప్పవలసిందిగా కోరుతున్నాను.


రాజు, యూసుఫ్‌గూడ
ఆదివారం, ఉదయం 8:15

మాస్టారూ, మా అమ్మమ్మ 91 ఏళ్లు బతికింది. జీవితాంతం వేలిముద్రే. ఆమె అన్నగారు ఆ రోజుల్లోనే మెట్రిక్ పాసై, తాలూకా కచేరీలో ఉద్యోగం చేసి, 58 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఒక్క కుటుంబంతో ఏదీ తేలదని మీరంటారని తెలుసు, అయినా చెప్పాలనిపించింది.

నా అభ్యంతరం వేరు. చదువుకున్నవాడికి జీతం వస్తుంది, జీతం ఉన్నవాడు మంచి ఇంట్లో ఉంటాడు, మంచి నీళ్లు తాగుతాడు, జ్వరం వస్తే పని మానుకొని పడుకోగలుగుతాడు. అడ్డా మీద కూలి కోసం నిలబడేవాడు జ్వరం వచ్చినా నిలబడతాడు. ఆ పుణ్యమంతా డబ్బుది. పేరు మాత్రం చదువు ఖాతాలో రాస్తున్నారు.


నీలిమ, తార్నాక
ఆదివారం, మధ్యాహ్నం 12:30

రాజు గారు, మీ అమ్మమ్మగారి ఆయుష్షుకూ ఆ 1.9 శాతానికీ పొరపొచ్చమేమీ లేదు. ఏడాదికి వెయ్యి మందిలో పది మంది పోయే వయసు అనుకోండి. ఒక్క ఏడాది చదువు ఆ పదిని 9.8 చేస్తుంది. ఇంత చిన్న తేడా ఒక ఇంట్లో కంటికి ఆనదు, కోటి మంది ఉన్న ఊళ్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైగా అదే విశ్లేషణలో ఈ మేలు 18 నుంచి 49 ఏళ్లవారిలో ఒక్కో ఏడాది చదువుకు 2.9 శాతం ఉండగా, 70 దాటినవారిలో 0.8 శాతానికి పడిపోయింది. అంటే తొంభై దాటిన నిరక్షరాస్యులు కనబడటంలో వింతేమీ లేదు. కనబడనివారు నలభైలలోనే వెళ్లిపోయినవారు.

ఇక డబ్బు సంగతి. జనాభా అధ్యయనాల్లో ఇది పాత తగవే. శామ్యూల్ ప్రెస్టన్ అనే జనాభా శాస్త్రవేత్త 1975లో దేశాల తలసరి ఆదాయాన్నీ ఆయుర్దాయాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆదాయం పెరిగితే ఆయుర్దాయం పెరుగుతుంది, నిజమే. కానీ 1930ల నుంచి 1960ల మధ్య ప్రపంచంలో పెరిగిన ఆయుర్దాయంలో ఆదాయం వాటా 10 నుంచి 25 శాతమేనని, మిగిలినదంతా అదే ఆదాయంతో మునుపటికంటే ఎక్కువ కాలం బతకడం వల్ల వచ్చిందని ఆయన తేల్చాడు.

ఆ మిగిలినదానిలో చదువు వాటా ఎంత అన్నప్పుడు మరో జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ పేరు చెప్పుకోవాలి. నైజీరియాలోని ఇబాదాన్ నగర సమాచారంతో ఆయన 1979లో రాసిన వ్యాసంలో, తండ్రి చదువు, వృత్తి, ఊరు వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తల్లి చదువు పిల్లల బతుకును అన్నిటికంటే బలంగా నిర్ణయిస్తోందని చూపించాడు. ఆ వ్యాసంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది అంకెలు కాదు, ఆయన చెప్పిన కారణాలు. చదువుకున్న తల్లి జబ్బును తలరాతగా తీసుకోదు. ఆసుపత్రిలో ఎవరిని అడగాలో, ఎలా అడగాలో ఆమెకు తెలుసు, వాళ్లూ ఆమె మాట వింటారు. మూడోది, ఇంట్లో బలాబలాలు మారతాయి: బిడ్డకు ఏం పెట్టాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి అన్నది అత్తగారి చేతిలోంచి కోడలి చేతిలోకి వస్తుంది. ఈ మూడో మాట పశ్చిమ ఆఫ్రికా గురించి రాసిందే అయినా, చదువుతున్నప్పుడు నాకు మా వీధే కళ్ల ముందు కదిలింది.

తండ్రి చదువుకు విలువ లేదని దీని అర్థం కాదు. 2021లో 92 దేశాల సర్వేలను కలిపి చూసినప్పుడు, తల్లి చదువులో ఒక్కో ఏడాదికి అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 3 శాతం, తండ్రి చదువులో ఒక్కో ఏడాదికి 1.6 శాతం తగ్గుతున్నట్టు తేలింది.


బస్తీ సిస్టర్, అంబర్‌పేట
ఆదివారం, రాత్రి 9:40

నేను ఏఎన్ఎంగా ఇరవై రెండేళ్లు పనిచేశాను. నీలిమ గారు చెప్పిన మూడో కారణాన్ని నేను ఎలా చూశానో చెబుతాను.

మూసీ ఒడ్డున ఒక బస్తీలో, వానాకాలంలో, పక్కపక్క గదుల్లో ఇద్దరు పసివాళ్లకు ఒకే వారంలో విరేచనాలు పట్టుకున్నాయి. రెండిళ్లకూ ఒకే నల్లా, ఒకే కూలి పని, ఇంచుమించు ఒకే సంపాదన. మొదటి ఇంట్లో తల్లికి చదువు రాదు. నేను ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి వచ్చాను. మర్నాడు వెళ్లేసరికి ప్యాకెట్ సగం అలాగే ఉంది. చిన్న గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి రెండుసార్లు పట్టారు, తర్వాత ఆపేశారు. “నీళ్లు తాపితే ఇంకింత పారుతది” అని అత్తగారు ఆపించారట. బిడ్డ కళ్లు లోపలికి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా గానీ కిందికి దిగలేదు. ఆటోలో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తాం.

రెండో ఇంట్లో తల్లి ఏడో తరగతి చదివి మానేసింది. ఆమె నా ముందే ప్యాకెట్ వెనక చదివి, “లీటరు అని ఉంది కదా సిస్టర్, మా ఇంట్ల లీటరు గిన్నె లేదు, నీళ్ల సీసాతో కొలుస్త” అంది. లీటరు నీళ్ల సీసా తెచ్చి, ప్యాకెట్ మొత్తం వేసి, ఎన్ని గంటల వరకు వాడొచ్చని అడిగింది. ఇరవై నాలుగు గంటలని చెబితే సీసా మీద బొగ్గుతో టైము గీసింది. జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ వెయ్యాలన్నాను. క్యాలెండరులో రోజుకొక గీత పెట్టుకుంది. ఆ ఇంట్లోనూ అత్తగారు ఉన్నారు, ఆవిడా నీళ్లు ఆపమన్నారు. కోడలు ప్యాకెట్ చూపించి, “ఇగో, ఇక్కడ రాసుంది” అంది. ఆవిడకు చదవడం రాదు, అయినా అచ్చులో ఉన్నదాని ముందు మాట్లాడలేకపోయారు. ఏడో తరగతి ఆ అమ్మాయికి ఇచ్చింది వైద్య జ్ఞానం అని నేననుకోను. “రాసుంది” అని అనగలిగే అధికారం ఇచ్చింది.

ఇద్దరు పిల్లలూ బతికారు. కానీ మొదటి బిడ్డ ఆసుపత్రి దగ్గర ఉండబట్టి బతికాడు, రెండో బిడ్డకు ఆసుపత్రి అవసరమే రాలేదు.

ఓఆర్ఎస్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బొనగావ్ కాందిశీకుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్లను బంధువుల చేతనే పట్టించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ బంధువుల్లో చదువు రానివారే ఎక్కువ మంది అయి ఉంటారు. పక్కన చెప్పే మనిషి ఉంటే చదువు రాకపోయినా పని జరుగుతుంది. రాత్రి రెండు గంటలకు సిస్టర్ లేనప్పుడు ఎవరు చెబుతారన్నదే ప్రశ్న.


అరుణ, వారాసిగూడ
సోమవారం, ఉదయం 7:20

మాది మందుల షాపు. సిస్టర్ గారు పసివాళ్ల గురించి చెప్పారు, నేను పెద్దవాళ్ల గురించి చెబుతాను.

ఇన్సులిన్ మన దగ్గర రెండు గాఢతల్లో దొరుకుతుంది. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇంకొకదానిలో 100 యూనిట్లు. దేని సిరంజి దానికే ఉంటుంది: 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. నాకు బాగా తెలిసిన ఒక పెద్దావిడ రోజూ 20 యూనిట్లు, 40 సీసా నుంచి, ఎర్ర మూత సిరంజితో తీసుకునేది. ఒకసారి ఊరికి వెళ్లినప్పుడు అక్కడి షాపులో 100 సీసా ఇచ్చారు. ఆవిడ పాత సిరంజితోనే, అలవాటైన గీత దాకానే లాగింది. 40 సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. 100 సీసాలోంచి అర మిల్లీలీటరు అంటే 50 యూనిట్లు. చెమటలు పట్టి, మాట తడబడి పడిపోతే పక్కింటి కుర్రాడు పంచదార నోట్లో వేసి, బండి మీద ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు సీసాల మీదా అంకె స్పష్టంగానే ఉంది, కానీ ఆమెకు సీసా ఆకారమూ మూత రంగూ తప్ప అంకె తెలియదు.

చదువు రానివాళ్లు అజాగ్రత్తగా ఉంటారనుకోవడం తప్పు. నేను చూసినంతలో వాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు. మందుల పట్టీని రంగును బట్టి గుర్తు పెట్టుకుంటారు, పొద్దుటి గోలీల కవరుకు కత్తెరతో ఒక గాటు, రాత్రి గోలీల కవరుకు రెండు గాట్లు పెట్టించుకుంటారు. ఆ ఏర్పాటంతా కంపెనీ మారిన రోజున కూలిపోతుంది. అదే బీపీ మాత్ర వేరే కంపెనీది ఇస్తే పట్టీ రంగు మారుతుంది. పాతదీ మిగిలి ఉంటుంది కనుక రెండూ వేసుకుంటారు. మందు పేరు చదవగలిగినవాళ్లు “ఇదీ అదీ ఒకటేనా అమ్మా” అని అడుగుతారు.


నీలిమ, తార్నాక
సోమవారం, ఉదయం 10:05

అరుణ గారు చెప్పినదానికి నేరుగా సంబంధించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా పొందుతున్న 3,260 మందికి మందు సీసా చీటీ, అపాయింట్‌మెంట్ కాగితం వంటివి ఇచ్చి చదివించి, తర్వాత దాదాపు ఆరేళ్లు గమనించారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. అవి బాగా చదివి అర్థం చేసుకోగలిగినవారిలో 18.9 శాతం, బొత్తిగా చేయలేనివారిలో 39.4 శాతం మంది ఆ కాలంలో మరణించారు. వయసు, ఆదాయం, అంతకుముందున్న జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా రెండో వర్గానికి ముప్పు ఒకటిన్నర రెట్లు ఉంది. అసలు విశేషం ఏమిటంటే, వాళ్లు బడిలో గడిపిన ఏళ్లు మరణాలను పెద్దగా సూచించలేదు. చదివి అర్థం చేసుకునే నేర్పు సూచించింది.

కనుక మాస్టారు గారి గడిలో “ఎంతవరకు చదివారు” అని రాయించినా మనకు కావలసింది పూర్తిగా దొరకదు. జనగణనలో అక్షరాస్యులంటే ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో చదివి, రాసి, అర్థం చేసుకోగలవారు. ఇంట్లో ఒకరు చెప్పిన జవాబే అందరికీ రాసుకుంటారు. సంతకం పెట్టడం వచ్చినంత మాత్రాన సీసా మీద అంకె చదవడం రాదు.


రాజు, యూసుఫ్‌గూడ
సోమవారం, సాయంత్రం 6:30

సరే, నేనూ అంకెలతోనే వస్తాను. 2011 జనగణనలో తెలంగాణ జిల్లాల అక్షరాస్యత 66.5 శాతం, దేశ సగటుకంటే తక్కువ. నమూనా ఇళ్లలో జనన మరణాలను లెక్కించే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ప్రకారం 2020లో దేశంలో శిశు మరణాల రేటు, అంటే ఏడాది నిండకుండా పోయేవారు, పుట్టిన వెయ్యి మందికి 28 ఉంటే తెలంగాణలో 21. 2018-20లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు దేశంలో 97, మన దగ్గర 43. అక్షరాస్యతలో వెనకబడిన రాష్ట్రం ప్రాణాలు నిలపడంలో ముందుంది. ఎలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. 2005 నుంచి 108 బండి, 2007 నుంచి ఆరోగ్యశ్రీ, 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. నొప్పులు పడుతున్న ఆడమనిషిని బండి ఎక్కించుకునేవాడు ఆమె ఎన్నో తరగతి చదివిందని అడగడు.


గణితం మాస్టారు, రామంతాపూర్
సోమవారం, రాత్రి 8:45

రాజూ, ఈ దెబ్బ గట్టిదే, కానీ తరగతిలో చెప్పే పాఠం ఒకటి ఇక్కడ అడ్డం వస్తుంది. రాష్ట్రాల సగటులను పోల్చి మనుషుల గురించి తీర్పు చెప్పకూడదు. అక్షరాస్యత లెక్కలో మా అమ్మలాంటి ఎనభై ఏళ్లవాళ్లూ ఉంటారు. కాన్పుల లెక్కలో ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలే ఉంటారు, వాళ్లలో బడికి వెళ్లినవారి పాలు చాలా ఎక్కువ. తెలంగాణ మొత్తం అక్షరాస్యత తక్కువగా కనబడటానికి పాత తరాల్లో చదువు లేకపోవడం పెద్ద కారణం. నువ్వు కొలవవలసింది తల్లుల చదువు, తాతమ్మల చదువు కాదు.

అలాగని నీ మాటను కొట్టిపారేయను. ఏళ్ల తరబడి బడులు నడిచి, వాటితోపాటు దగ్గర్లో ఆరోగ్య కేంద్రాలూ ఉన్న కేరళలో అదే 2020లో శిశు మరణాల రేటు 6. తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి ప్రజల చదువుకు ఖజానా నుంచి ఖర్చు పెట్టాలని శాసనం వేయించింది 1817లో. 28 నుంచి 21కి 108 బండి తీసుకురావచ్చు. 21 నుంచి 6కు రావడానికి బండి ఒక్కటే చాలదని నా అనుమానం.


మురళి, మాదాపూర్
మంగళవారం, ఉదయం 1:10

రాత్రి షిఫ్టులో ఉండి రాస్తున్నాను, వేళ కాని వేళకు మన్నించాలి.

మాస్టారు గారి రెండో ప్రశ్నకు, అంటే చదువే కాపాడుతోందా లేక చదువుకోగల ఇంట్లో పుట్టడమా అన్నదానికి, ఆర్థికవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. నిర్బంధ విద్యా చట్టం వచ్చిన ఏడాదికి కాస్త ముందు పుట్టినవారినీ కాస్త తర్వాత పుట్టినవారినీ పోలుస్తారు. వాళ్ల ఇళ్లూ తల్లిదండ్రులూ ఒకే రకం. తేడా ఒక్క చట్టమే. అమెరికా రాష్ట్రాల 1915–1939 చట్టాలతో ఆడ్రియానా లెరాస్-మ్యూనీ 2005లో చేసిన లెక్కలో చదువు మరణాలను గట్టిగానే తగ్గించింది. తర్వాత మరొకరు రాష్ట్రాల వారీ మార్పులను కలిపి చూసేసరికి ఆ ఫలితం నీరుగారింది. బ్రిటన్‌లో బడి మానే వయసును 1947లో 14 నుంచి 15కు, 1972లో 15 నుంచి 16కు పెంచారు. 2013లో క్లార్క్, రోయర్ అనే ఇద్దరు వాటిని పరీక్షించి, చదువు పెరిగింది కానీ మరణాలు చెప్పుకోదగినంత తగ్గలేదని తేల్చారు.

దీన్ని బట్టి చదువు దండగ అని నేననను. అప్పటికే అక్షరాలు వచ్చిన, ఉచిత వైద్యం ఉన్న దేశంలో పదిహేనేళ్ల కుర్రాణ్ణి ఇంకో ఏడాది కూర్చోబెట్టడం వేరు, ఆరేళ్ల ఆడపిల్లను మొదటిసారి బడిలో వేయడం వేరు. ఇండోనేషియాలో 1973 నుంచి 1978 వరకు 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టారు. ఆ బడుల వల్ల చదువుకున్నవారి పిల్లల్లో మరణాలు తగ్గాయని బ్రైరోవా, డుఫ్లో అనే ఆర్థికవేత్తలు చూపించారు. అక్కడ తల్లి చదువూ తండ్రి చదువూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇంకా పాత సంగతి. 1900 ప్రాంతంలో అమెరికాలో డాక్టర్ల పిల్లలు సైతం దాదాపు దేశ సగటుకు దగ్గరగానే చనిపోయేవారు. చదువుకు కొదవ లేదు, డబ్బుకు కొదవ లేదు. క్రిముల గురించి అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులు కనుక, ఇంట్లో ఏం చేయాలో వాళ్లకూ తెలియదు. ఆ జ్ఞానం వచ్చిన తర్వాతే చదువుకున్నవారికీ చదువుకోనివారికీ మధ్య గండి పెరిగింది. సిగరెట్ల కథా అంతే. పొగ ఊపిరితిత్తులకు చేసే చేటు తేలక ముందు చదువుకున్నవాళ్లూ దర్జాగా కాల్చారు. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి (సర్జన్ జనరల్) నివేదిక వచ్చాక చదువుకున్నవాళ్లే ముందు మానేశారు. చదువును నేను మందు అనుకోవడం మానేశాను. కొత్త మందు ఊళ్లోకి రాగానే క్యూలో ముందు నిలబెట్టే టోకెన్ లాంటిది అనుకుంటున్నాను.


బస్తీ సిస్టర్, అంబర్‌పేట
మంగళవారం, ఉదయం 6:15

మురళి గారి టోకెన్ మాట బాగుంది, కానీ ఆ క్యూ ఎక్కడికి పోతుందో కూడా చూసుకోవాలి. రాజు గారు చెప్పిన సర్వేలోనే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. చదువుకున్న ఆడపిల్లలు ముహూర్తం చూసుకొని తేదీ చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. రాసుంది అని చూపించే చదువుకు, రాసినది సరైనదో కాదో అడగడం కూడా రావాలి.


వెంకటరమణయ్య, దిల్‌సుఖ్‌నగర్ (సొంతూరు నెల్లూరు జిల్లా)
మంగళవారం, ఉదయం 11:00

ఇంతసేపూ ఒక్కో మనిషీ ఒక్కో సీసా చదవడం గురించే మాట్లాడుకున్నారు. పదిమంది కలిసి చదివితే ఏమవుతుందో మా జిల్లా చూసింది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు కింద పలక పట్టుకునేవాళ్లు. నేనప్పుడు కుర్రవాణ్ని, మా వీధి బడికి వాలంటీరుగా వెళ్లేవాణ్ని. వాళ్ల వాచకంలో సారా వల్ల ఇల్లు గుల్లయిన ఒక ఆడమనిషి కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం దగ్గర అక్షరాలు ముందుకు సాగేవి కావు, ఎవరి ఇంటి సంగతి వాళ్లు చెప్పుకోవడంతోనే రాత్రి గడిచిపోయేది. 1992లో దూబగుంటలో రోశమ్మ గారి వంటివాళ్లు సారా దుకాణం మూయించారు, ఊరూరా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే దాన్ని సడలించారు.

దానివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో నా దగ్గర లెక్క లేదు, చెప్పను. సారా తాగి కాలేయం చెడి పోయినవాళ్లు మా వీధిలోనే నలుగురు ఉండేవారు. ఆ రాత్రి బడిలో నేర్చుకున్నవాళ్లలో సగం మంది తర్వాత అక్షరాలు మరిచిపోయారు. జనగణన వాళ్లు వస్తే నిరక్షరాస్యులనే రాసుకుని ఉంటారు.


రాజు, యూసుఫ్‌గూడ
మంగళవారం, సాయంత్రం 7:00

వెంకటరమణయ్య గారు చెప్పినది విన్నాక కాస్త తగ్గుతున్నాను. పూర్తిగా మాత్రం లొంగను, ఎందుకంటే నా వైపు ఒక మంచి సాక్ష్యం దొరికింది. 2019లో 20 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, గుండె జబ్బుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పేద దేశాల్లో తక్కువ చదివినవారి అలవాట్లు, కొవ్వు, బరువు వంటివన్నీ కలిపి చూస్తే ఎక్కువ చదివినవారికంటే మెరుగ్గానే ఉన్నాయట. అయినా గుండెపోటు, పక్షవాతం వంటివి వాళ్లకే రెండింతలకు పైగా వచ్చాయి. కారణం, వాళ్లకు అందే వైద్యం నాసిగా ఉండటం. అంటే మా మేస్త్రి నాకంటే ఆరోగ్యంగా ఉన్నాడు, నాకంటే ముందు పోతాడు. అతనికి చదువు చెప్పించడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. బీపీ చూసి గోలీ ఇవ్వడానికి పది నిమిషాలు చాలు.


నీలిమ, తార్నాక
మంగళవారం, రాత్రి 9:20

ఆ అధ్యయనం గురించి మీరు చెప్పినది సరైనదే, నేను ఒప్పుకుంటున్నాను. భారతదేశంలో క్యాన్సర్ మరణాల మీద 2012లో వచ్చిన లెక్క కూడా మీకే తోడవుతుంది: లక్ష మందికి నిరక్షరాస్య మగవారిలో 106.6, ఎక్కువ చదివినవారిలో 45.7, ఆడవారిలో 106.7, 43.4. ఇంత తేడా రావడంలో జబ్బు ముదిరాక గానీ ఆసుపత్రికి చేరకపోవడానికి పెద్ద పాత్రే ఉందని నా అభిప్రాయం.

ఒక్క విషయం మాత్రం గమనించండి. ఈ లెక్క ఎలా సాధ్యమైంది? ఇంటింటికీ వెళ్లి, ఎవరు ఎలా పోయారని అడిగినప్పుడు, ఏం చదువుకున్నారని కూడా అడిగారు కాబట్టి. మాస్టారు గారి గడి అక్కడ ఉంది.


నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 9:00

కొత్త సభ్యులు కొందరు సిజేరియన్ల గురించి వేరే వాదన మొదలుపెట్టారు. వాటిని మరో చర్చకు మార్చాను. దయచేసి ఇక్కడ చదువు, మరణాల ముప్పు మీదే ఉండండి.


అరుణ, వారాసిగూడ
బుధవారం, రాత్రి 10:15

ఇన్సులిన్ పెద్దావిడ సంగతి అడుగుతూ ఇద్దరు ముగ్గురు నాకు విడిగా రాశారు. బాగున్నారు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఆమెకు రెండు గుర్తులు మాత్రమే చూపించాను: నాలుగు పక్కన సున్నా, ఒకటి పక్కన రెండు సున్నాలు. “ఇది వంద నోటు మీద ఉన్నదే కదా” అంది. నోట్ల మీద అంకెలు ఆమెకు ముందే వచ్చు, సీసా మీద కూడా అవే అంకెలు ఉంటాయని ఎవరూ చెప్పలేదు. పోయిన నెల మా కుర్రాడు పొరపాటున నారింజ మూత సిరంజి ఇస్తే, సీసా తీసి చూసి, “ఇది వందది, నాది నలభైది” అని తిరిగి ఇచ్చేసింది.


గణితం మాస్టారు, రామంతాపూర్
గురువారం, ఉదయం 6:40

అరుణమ్మా, ఆ రెండు గుర్తులు మా అమ్మకు కూడా ఈ ఉదయమే చూపించాను. నలభైని గుర్తుపట్టింది. వందను మాత్రం పదీ సున్నా అని చదివింది. రేపు నోటు పెట్టి మళ్లీ అడుగుతాను.